గడియల వదిన

మా వదిన అంటే మా ఆయనకి స్వయానా అక్క. ఎవరింటికి వెళ్ళినా తిన్నగా గుమ్మంలోంచి లోపలికి వెళ్ళే అలవాటు ఆవిడకి లేదు. ముందు ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది. కిటికీ ఊచల్ని వేలితో మీటి చూస్తుంది. వెనక తలుపుని అరచేత్తో నొక్కి, అది ఎంత ఊగుతుందో చూస్తుంది. స్నానాలగది గాలికిటికీ కేసి మెడ ఎత్తి చాలాసేపు నిలబడుతుంది. లోపల ఇంటివాళ్ళు టీ కలిపి పెట్టుకుని ఎదురుచూస్తుంటారు. టీ చల్లారిపోతుంది, ఈవిడ రాదు. చివరికి వచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఇల్లు బాగుంది. నేను దొంగనైతే వంటింటి వైపు నుంచి వస్తాను" అంటుంది.

కొత్తవాళ్ళు బిక్కచచ్చిపోతారు. తెలిసినవాళ్ళు నవ్వుతారు. మా పుట్టింటికి మొదటిసారి వచ్చినప్పుడూ ఇంతే. ఎంతకీ లోపలికి రాకపోతే మా అమ్మ కంగారుపడి, ఆవిడ ఏదైనా పారేసుకుందేమో చూసి రమ్మని నన్ను పెరట్లోకి పంపింది. నేను వెళ్ళేసరికి వదిన మా పెరటి తలుపు బందులు తడుముతోంది. ఈ తలుపుని ఎత్తితే చేతికొచ్చేస్తుంది పిల్లా అంది. ఎత్తింది. వచ్చేసింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి మా నాన్నకి ఆ సాయంత్రమంతా పట్టింది.

ఊళ్ళో అందరూ ఆవిడని గడియలక్క అంటారు. బజారు చివర ఆవిడకి ఇనుప సామాను కొట్టు ఉంది. కొట్టంటే పెద్దదేం కాదు, మనిషి చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతాయి. మేకులు, మరలు, బందులు, తాళంకప్పలు, గోడలనిండా వేలాడే గడియలు. గాలి గట్టిగా వీస్తే అన్నీ కలిసి గలగలమంటాయి. ఆ కొట్టు అన్నయ్యగారిది, అంటే వదిన భర్తది. ఆయన చిన్నవయసులోనే పోయారు. కొట్టు ఎవరికైనా ఇచ్చేయమని అందరూ చెప్పారు. ఆడమనిషి మేకులమ్ముకుని బతుకుతుందా అన్నారు. వదిన ఎవరితోనూ వాదించలేదు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి షట్టరు ఎత్తి కూర్చుంది. అంతే, అప్పటినుంచి కూర్చునే ఉంది.

ఆవిడ దగ్గర సరుకు కొనడం అంత తేలిక కాదు. ఎవరైనా వచ్చి పెద్ద తాళంకప్ప ఒకటి ఇమ్మంటే ఇవ్వదు. ముందు తలుపు ఎలాంటిదో చెప్పమంటుంది. చెక్క లావెంత, గుమ్మానికి చెద పట్టిందా, బందులు లోపలికా బయటికా అని ఆరా తీస్తుంది. ఒకాయనకి విసుగొచ్చి, నేనడిగింది తాళం గాని పెళ్ళిసంబంధం కాదు కదా అన్నాడట. వదిన తొణక్కుండా, "సంబంధమేనండీ. మీ తలుపు వయసు తెలియకుండా నా తాళాన్ని ఎలా ఇస్తాను" అందట. ఆ మనిషి నవ్వుకుంటూ ఇంటికెళ్ళి కొలతలు తెచ్చాడు.

అమ్మినవాటిని బిగించడం కూడా తనే నేర్చుకుంది. మొదట్లో పనివాళ్ళని పంపేది. వాళ్ళు పొట్టి మరలు వేసి చేతులు దులుపుకుని వచ్చేసేవాళ్ళు. గడియ చూస్తే ఇనుముది, దాన్ని పట్టుకున్న మర చూస్తే గోరంత. గట్టిగా ఒక్క తన్ను తంతే గడియ మరలతో సహా ఊడి కిందపడుతుంది. కొన్నవాళ్ళు వచ్చి పోట్లాడాక గాని వదినకి ఈ సంగతి తెలియలేదు. ఆ తర్వాత హ్యాండ్‌బ్యాగులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తనే వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ బ్యాగులో దువ్వెన, పౌడరు ఉండవు. వేలెడేసి మరలు, సుద్దముక్క, సుత్తి ఉంటాయి. బస్సులో సీటు దొరక్క ఎవరి ఒళ్ళో అయినా పెడితే వాళ్ళు కెవ్వుమంటారు.

అలాగని జనాన్ని భయపెట్టి అమ్ముకునే మనిషి కాదు. రిటైరైన పోస్టుమాస్టరుగారొకరు ఉండేవారు. పేపర్లో దొంగతనం వార్త చదివినప్పుడల్లా వచ్చి ఒక గడియ కొనుక్కుపోయేవారు. ఒకసారి వాళ్ళ వంటింట్లో పాలు పొంగి మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. ముసలాళ్ళిద్దరూ ఒక్కొక్క గడియే తీసుకుంటూ దగ్గుతూ బయటపడేసరికి చుట్టుపక్కలవాళ్ళంతా గుమిగూడారు. వదిన మర్నాడు వెళ్ళి సగం గడియలు విప్పేసి సంచీలో వేసుకొచ్చింది. గడియ వేసేది భయపడటానికి కాదనీ, వేశాక ఆ సంగతి మర్చిపోయి హాయిగా పడుకోవడానికనీ ఆయనకి చెప్పి వచ్చిందట. ఆ మాట నాకు అప్పుడు అంతగా ఎక్కలేదు.

వీధంతా చెప్పుకుని నవ్వుకునే సంగతి ఇంకోటుంది. ఒక టీచరమ్మ ఇంట్లో గాలికిటికీలోంచి మనిషి పడతాడా పట్టడా అని వాదన వచ్చింది. టీచరమ్మ పట్టడంది, వదిన పడతాడంది. మాటలెందుకని నిచ్చెన వేసుకుని తనే తల, భుజాలు దూర్చింది. నడుం దగ్గర ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ భర్త ఇంటికొచ్చి, పెరట్లో గాల్లో కొట్టుకుంటున్న రెండు కాళ్ళు చూసి దొంగ దొంగ అని కేకలు పెట్టాడు. చివరికి కాళ్ళు పట్టుకుని బయటికి లాగింది మా ఆయనే. దొంగలు నీ అంత తిండి తినరక్కా అన్నారట. వదిన చీర దులుపుకుని, "పడతారని చెప్పానా లేదా. సగం పట్టాను కదా" అందట.

ఆ ఒక్క తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. తిట్టేది కూడా ఆయన్నే ఎక్కువ.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఎక్కువగా రెండో షిఫ్టు పడేది. ఆయన ఇల్లు చేరేసరికి మేము పడుకుని ఉండేవాళ్ళం. తలుపు కొడితే అప్పటికి పసిపిల్ల అయిన మా అమ్మాయి లేస్తుంది, లేస్తే ఇక పడుకోదు. అందుకని ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. మా వంటింట్లో వెనక తలుపు పక్కనే కిటికీ ఉంది. దానికి ఊచలున్నాయి, మనిషి దూరలేడు. చెయ్యి మాత్రం దూరుతుంది. తలుపు గడియని కిటికీ వైపు, చెయ్యి అందే చోట పెట్టుకుంటే, పెరట్లోంచే చెయ్యి పెట్టి గడియ తీసుకుని లోపలికి రావచ్చు. కిటికీ రెక్కకి గొళ్ళెం పెట్టకుండా ఊరికే దగ్గరికి వేసి ఉంచితే చాలు.

ఈ ఆలోచన చెప్పినప్పుడు వదిన ఆయన్ని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని, తమ్ముడింట్లో దొంగ చేతికి గడియ అందిస్తానా అంది. ఆయన నవ్వుతూ, "దొంగకి కాదక్కా, నాకు అందించు" అన్నారు. ఆ మాటకి వదిన మెత్తబడిపోయింది. ఆయన్ని పెరట్లో నిలబెట్టి, కిటికీలోంచి చెయ్యి పెట్టమని, వేళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ సుద్దముక్కతో గీత గీసింది. ఆ గీత దగ్గర గడియ బిగించింది. చప్పుడు రాకూడదని ఆకురాయితో అరగదీసి, నూనె వేసి, అటూ ఇటూ లాగి చూసుకుంది. నీళ్ళ మీద ఆకు కదిలినట్టు కదిలేది. తన జన్మలో ఇంత తప్పుడు గడియ ఎక్కడా పెట్టలేదని, ఇంత బాగా కూడా ఎక్కడా పెట్టలేదని చెప్పి వెళ్ళింది.

అంత చప్పుడు లేని గడియ కూడా నాకు వినబడేది. నేను మేలుకున్నానని ఆయనకి ఎప్పుడూ తెలియనివ్వలేదు. పాపం పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చి, చెంబుతో నీళ్ళు తాగి, చెంబు చప్పుడు కాకుండా పెట్టేవారు. ఆయన సంబరం నేనెందుకు చెడగొట్టాలి. గడియ జారితే మనిషి ఇల్లు చేరినట్టు. అప్పుడు నాకు అసలైన నిద్ర పట్టేది.

పోయిన ఏడాది ఆయన డిపోలోనే, ఇంజను ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె అన్నారు. దాని గురించి ఎక్కువ రాయను, రాయడం నాకు చేతకాదు కూడా. ఆ రోజు కిటికీ రెక్కకి గొళ్ళెం పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. ఆ తర్వాతా పెట్టలేదు. ఎందుకంటే ఏం చెప్పను. గిన్నెలు బోర్లించాక, తలుపు గడియ వేసి, కిటికీ రెక్క దగ్గరికి లాగేదాన్ని. చెయ్యి గొళ్ళెం దాకా పోయి అక్కడే ఆగిపోయేది. ఆ గొళ్ళెం పెట్టేస్తే ఇక ఆయన రారని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు ఉండేది. మా అమ్మాయి చూసేది. చూసి, వెళ్ళి పడుకునేది.

ఈ ఏడాది మా చుట్టుపక్కల వీధుల్లో దొంగతనాలు మొదలయ్యాయి. అదీ పట్టపగలు, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని. నా సొంత అన్నయ్య పరిగెత్తుకుని వచ్చాడు. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది, ఇల్లు ఎవరికైనా అద్దెకిచ్చి అక్కడికి వచ్చేయమన్నాడు. మంచివాడే, మా మీద బెంగతోనే అన్నాడు. మగదిక్కు లేని ఇంట్లో ఎదిగిన పిల్లని పెట్టుకుని ఎలా ఉంటావన్నాడు. ఉంటానన్నాను. ఎలాగో చెప్పమన్నాడు.

ఈ ఇల్లు నేనూ మా ఆయనా కలిసి కట్టుకున్నది. వంటింటి గట్టు నా మోచేతి ఎత్తుకి కొలిచి మరీ కట్టించారు ఆయన. ఇంకొకరి వంటింట్లో నిలబడితే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలియదు. ఇలాంటివి అన్నయ్యకి ఏమని చెప్తాం. చివరికి ఒక మాట అనుకున్నాం. నెలాఖరుకి అన్నయ్య వచ్చి ఇల్లంతా చూస్తాడు. తన మనసు కుదుటపడితే మేమిక్కడే ఉంటాం. లేకపోతే సామాను కట్టాలి.

వదినకి ఫోను చేసి ఇదంతా చెప్పాను. అవతల కొట్లో గడియలు గలగలలాడటం వినబడింది. "మీ అన్నయ్యకి కావాల్సింది ధైర్యమే కదా. పొడుగు మరలేసి బిగిస్తాలే" అంది.

ఆదివారాలు వచ్చి పనిలోకి దిగింది. వీధి తలుపు బందుల్లో ఉన్న పొట్టి మరలన్నీ తీసి పారేసి, చెక్క దాటి గుమ్మంలోకి, గుమ్మం దాటి గోడలోకి దిగే మరలు వేసింది. గడియ దిగే చోట ఇనుప పలక బిగించింది. అందరూ తాళం ఎంత పెద్దదో చూస్తారనీ, దొంగ మాత్రం గుమ్మం ఎంత మెత్తగా ఉందో చూస్తాడనీ చెప్పింది. ముందుగదిలో పక్కకి జరిపే అద్దాల కిటికీ ఉంది. దానికి పాత చీపురుకర్ర కొలిచి కోసి గాడిలో పెట్టింది. రెక్క ఇక జరగదు. ఇంతకంటే మంచి తాళం తన కొట్లో లేదనీ, ఈ మాట బజార్లో ఎవరికీ చెప్పొద్దనీ అంది. గాలికిటికీకి ఊచలు పెట్టింది. అత్తా, ఈసారి దూరి చూడవా అని మా అమ్మాయి అడిగితే, "నువ్వు దూరవే, కట్టెపుల్లలా ఉన్నావు. నేను బయట నిలబడి దొంగ దొంగ అని అరుస్తాను" అంది.

నాకూ అక్షింతలు పడ్డాయి. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి వెళ్ళే అలవాటు నాది. అంతకంటే దొంగ ఇంటికే పంపించు, పాపం వంగే పని తప్పుతుంది అంది. వాకిట్లో ఆరేసిన బట్టలు పొద్దుపోయేదాకా తీయకపోతే ఇంట్లో ఎవరూ లేరని నువ్వే బోర్డు రాసి పెట్టినట్టు అంది. మా అమ్మాయి ఇదంతా చూసి, ఇది ఇల్లా జైలా అత్తా అంది. జైల్లో గడియ బయట ఉంటుందే, ఇక్కడ లోపలుంది, అదీ తేడా అని జవాబు చెప్పింది వదిన.

ఇంత చేసిన మనిషి వంటింటి వెనక తలుపు జోలికి మాత్రం రాలేదు. ఒక ఆదివారం వెలుతురు చాలదంది. ఇంకో ఆదివారం డ్రిల్లు వేడెక్కిందంది. నేనూ అడగలేదు. ఆవిడ వంటింట్లోకి రాబోతే టీ గ్లాసు నేనే ముందుగదిలోకి పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఊరందరి తలుపులూ తట్టి చూసే ఆవిడ, రోజూ ఆ తలుపు పక్కనే వంట చేసే నేను, ఇద్దరం ఇంటికి ఆ తలుపే లేనట్టు తిరిగాం. మా అమ్మాయి ఉండబట్టలేక, "అత్తా, మరి వెనక తలుపో" అని అడిగింది. వదిన నేల మీద మరలు ఏరుకుంటూ, దాని సంగతి తర్వాత చూద్దాంలే అంది. పిల్ల నా వైపు చూసింది. నేను గిన్నెల వైపు చూశాను.

అలా ఉండగా వెనక వీధి టైలరు ఇంట్లో దొంగలు పడ్డారు. భార్యాభర్తలిద్దరూ కొట్టు దగ్గర ఉన్నారు. దొంగ కిటికీలోంచి చెయ్యి పెట్టి, తలుపు గడియ తీసుకుని దర్జాగా లోపలికి వెళ్ళాడు. జనం కుట్టమని ఇచ్చిన కొత్తబట్టలన్నీ మూటకట్టుకుపోయాడు. మనవి పోతే ఏడ్చి ఊరుకుంటాం గాని ఒకరి బట్టలకి ఏం జవాబు చెప్పనని టైలరు భార్య మా గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. నేను ఆవిడకి మంచినీళ్ళిచ్చాను గాని, నా కళ్ళు మా వంటింటి కిటికీ మీదే ఉన్నాయి.

ఈ కబురు వదినకి నేను చెప్పలేదు. బజారు చెప్పింది. ఆ మధ్యాహ్నమే షట్టరు దించేసి వచ్చేసింది. వదిన భర్త పోయాక ఆ కొట్టు పనిరోజున మిట్టమధ్యాహ్నం మూయడం అదే మొదలట. పక్క కొట్లవాళ్ళు ఈవిడకి ఏమైందోనని హడలిపోయారు.

ఈసారి ఇంటి చుట్టూ తిరగలేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చింది. బ్యాగులోంచి కాగితంలో చుట్టిన లావుపాటి గడియ తీసి గట్టు మీద పెట్టింది. తర్వాత పాత గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"వాడి కోసం పెట్టాను పిల్లా ఇది. ఇప్పుడు దారినపోయే ప్రతి వెధవకీ అందుతోంది" అంది.

"పాతది తియ్యకండి వదినా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"తియ్యను. దాని మానాన అది ఉంటుంది. కొత్తది కింద పెడతాను" అంది.

కిటికీకి దూరంగా, తలుపు అడుగున, ఎంత పొడుగు చెయ్యికీ అందని మూలలో, నేలబండలోకి దిగేలా పెట్టింది. బండకి రంధ్రం చెయ్యడానికే సాయంత్రమైంది. వంటిల్లంతా తెల్లటి పొడి. మా ఇద్దరి జుట్టూ ఒక్కసారిగా నెరిసినట్టయింది. పని చేస్తూ చేస్తూ వదిన స్క్రూడ్రైవరు మర గాడిలో పెట్టలేక పదేపదే జారవిడవడం చూశాను. అడిగితే దుమ్ము అంది.

"ఇది రోజూ వంగి వెయ్యాలి. నీ నడుం వంగుతుందా వంగదా ఇప్పుడే చెప్పు, తర్వాత నన్ను తిట్టుకోకు" అంది పని అయ్యాక. వంగుతుందన్నాను. మీ అత్తగారి ముందు ఒక్కనాడు వంగింది లేదు, దొంగ పుణ్యమా అని ఇప్పుడు వంగుతుందన్నమాట అంది. మా అత్తగారంటే వాళ్ళమ్మే. ఇద్దరికీ నవ్వొచ్చింది. వెళ్ళబోతూ కిటికీ కేసి చూసింది. గొళ్ళెం ఊసు ఎత్తలేదు. గాలి రావాలి కదా అని తనలో తను అనుకున్నట్టు అని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి రెండు గడియలూ వేసేదాన్ని. కిందది భయం కోసం, పైది అలవాటు కోసం. కిటికీ రెక్క మాత్రం ఎప్పటిలాగే ఊరికే దగ్గరికి వేసి ఉండేది.

అన్నయ్య రావలసిన రోజు దగ్గరపడింది. ఆ లోగా వదినని కళ్ళాసుపత్రికి లాక్కెళ్ళాను. దుమ్ము కాదని నాకు తెలుసు. కళ్ళు పోతే మరలు వేళ్ళతో చూసుకుంటాలే అని నానా సాకులూ చెప్పింది. నేను వినలేదు. పొద్దున్నే బయల్దేరాం. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళింది. ఇల్లు ఖాళీ. తలుపులన్నీ వేశాను, తాళం చూసుకున్నాను, వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకున్నాను.

ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నంతసేపూ నా ప్రాణం ఇంటి దగ్గరే ఉంది. వదిన కళ్ళల్లో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. డాక్టరు గది తలుపు మూసుకున్న ప్రతిసారీ, పై బందు వదులైంది అని గొణుగుతోంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఈవిడకి కళ్ళ జబ్బా ఇంకేమైనానా అన్నట్టు చూశారు. అన్నీ చూసి డాక్టరు, జబ్బేమీ లేదు, అద్దాలు మారిస్తే చాలు అన్నాడు. అప్పుడు నా చెయ్యి మీద ఆవిడ వేళ్ళు సడలాయి. పొద్దున్నుంచి ఎంత గట్టిగా పట్టుకుందో నాకప్పుడే తెలిసింది. మణికట్టు ఎర్రగా కందిపోయింది.

చుక్కల వల్ల సాయంత్రం దాకా ఏమీ సరిగ్గా కనబడదన్నారు. అందుకని మా ఇంటికే తీసుకొచ్చాను. వీధి తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. మనసులో దండం పెట్టుకున్నాను. వదినని నడిపించుకొచ్చి వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, వెలుతురు కోసం వెనక తలుపు తియ్యబోయాను.

పై గడియ తీసి ఉంది.

పొద్దున్న నేనే వేశాను. ఇప్పుడది మొత్తం వెనక్కి జారి ఉంది, ఆయన ఇంటికొచ్చినప్పుడు ఉన్నట్టే. కిటికీ రెక్క బార్లా తెరిచి ఉంది. ఆ క్షణంలో నాకు దొంగ మాటే తోచలేదు. వచ్చేశారు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నీళ్ళు తాగి పెట్టారేమోనని చెంబు కోసం చూశాను. చెంబు బోర్లించినట్టే ఉంది. అప్పుడు కిటికీ పక్కన గోడ సున్నం మీద, మోచెయ్యి రాసుకుపోయిన మరక కనబడింది.

"ఏమైందే, పలకవేం" అంది వదిన మసకకళ్ళతో అటూ ఇటూ చూస్తూ.

"గడియ తీసి ఉంది వదినా."

"కిందది?"

వంగి చూశాను. "వేసే ఉంది."

వదిన ఊపిరి వదిలింది. అంత ఊపిరి ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుందో. లేచి, గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, తలుపు తియ్యమంది. తీశాను. పెరట్లోకి దిగి, తలుపుని బయటివైపు పైనుంచి కిందికి వేళ్ళతో తడిమింది. అడుగున ఒకచోట ఆగింది. చెక్క మీద మట్టి, చిన్న సొట్ట.

"తన్నాడే సన్నాసి" అంది. "పై గడియ అంత మెత్తగా వచ్చేసరికి ఎంత సంబరపడి ఉంటాడో పాపం. తలుపు నెట్టాడు, రాలేదు. కోపం వచ్చింది. తన్నాడు. కాలు నొప్పెట్టి ఉంటుంది."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగానో తెలియదు. వదిన నన్ను ఓదారుద్దామని చెయ్యి చాపి, కళ్ళు కనబడక, ముందు తీగ మీద ఆరేసిన దుప్పటిని నిమిరింది. తర్వాత నన్ను దొరకబుచ్చుకుంది.

పోలీసు స్టేషనుకి చెప్పాం. ఒకాయన వచ్చి గోడ మీద మరక చూసి, రాసుకుని, అదృష్టవంతులమ్మా అన్నాడు. అదృష్టం కాదు బాబూ, నేలబండ అంది వదిన. నేను ఫోను చేస్తే అన్నయ్య కూడా పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే, చూశావా నేను చెప్పానా, రేపే సామాను సర్దు అన్నాడు. తలుపు ఆగింది గాని, అన్నయ్య ఆగేలా లేడు.

వదిన ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పీట మీద మహారాణిలా కూర్చుని ఉంది. "బావగారూ, సామాను సంగతి తర్వాత. ముందు మీరు ఒకసారి దొంగగా రండి" అంది.

అన్నయ్య బిత్తరపోయాడు. వదినగారూ, హాస్యాలకి ఇదా సమయం అన్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయే మేనమామ చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. మేము లోపల గడియలు వేశాం. అన్నయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి, తడుముకుని, పై గడియ తీశాడు. వచ్చేసిందే అని బయటనుంచి వాడి మాట వినబడింది. తలుపు నెట్టాడు. భుజం పెట్టి నెట్టాడు. మా అన్నయ్య భారీమనిషి. కిటికీ రెక్కలు అదిరాయి గాని తలుపు అదరలేదు. చెయ్యి మళ్ళీ లోపలికి పెట్టి కిందకి చాపాడు, మోచెయ్యి ఊచల్లో ఇరుక్కుంది, విడిపించుకుని మళ్ళీ నెట్టాడు. ఇంకాసేపు అయ్యాక చప్పుడు ఆగిపోయింది.

తలుపు తీసేసరికి అన్నయ్య బట్టలుతికే బండ మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. తలుపు కేసి చూశాడు, నా కేసి చూశాడు. వాడి మొహంలో బెంగ పోవడం నేను కళ్ళారా చూశాను.

"ఉండవే. ఇక్కడే ఉండు" అన్నాడు. "నాకూ నిద్రపడుతుంది ఇక."

మా అమ్మాయి లోపలికి పరిగెత్తి వాడికి మంచినీళ్ళు తెచ్చింది. వాడు తాగి, వదిన వైపు తిరిగి, మా ఇంటికి కూడా ఒకసారి రావాలి వదినగారూ అన్నాడు. వస్తాను, మీ మేడ మీది తలుపు గుమ్మం మెత్తగా ఉంది, పోయినసారి వచ్చినప్పుడే చూసి ఊరుకున్నాను అంది వదిన.

అన్నయ్య వెళ్ళాక వంటింట్లోకి వచ్చి చూస్తే, వదిన హ్యాండ్‌బ్యాగు తలకింద పెట్టుకుని నేల మీదే పడుకుని నిద్రపోతోంది. పొద్దుండగా ఆవిడ కునుకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ బ్యాగులో సుత్తి ఉంది, అయినా గురక మాత్రం హాయిగా వస్తోంది. బయట ఇంకా కాస్త వెలుతురుంది. లేపబుద్ధి కాలేదు. దుప్పటి తెచ్చి కప్పాను.

తర్వాత తలుపు మూశాను. వంగి కింద గడియ వేశాను. పై గడియ కూడా జరిపాను. అది ఎప్పటిలాగే మెత్తగా జారింది. ఇన్నాళ్ళూ దాన్ని ఆయన గడియ అనుకున్నాను. ఆయన చేతికి తప్ప ఇంకెవరి చేతికీ అలా జారదనుకున్నాను. ముక్కూమొహం తెలియనివాడు చెయ్యి పెడితే వాడికీ అంతే మెత్తగా జారింది. దాని మీద కోపం రాలేదు. పాపం దానికేం తెలుసు, ఇనుము. నాకే ఏదో బరువు దిగినట్టుంది.

కిటికీ రెక్క దగ్గరికి లాగాను. చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది. ఈసారి ఆగలేదు. గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది, ఊపిరి బిగబట్టి చూస్తోంది. గొళ్ళెం ఏళ్ళతరబడి కదలక తుప్పుపట్టి ఉంది. రెండు చేతులతో నొక్కితే, ఇల్లంతా వినబడేలా కీచుమని అరిచి, కొక్కెంలో పడింది.

వదిన గురక ఆగింది. కళ్ళు తెరవకుండానే, "రేపు దానికి కాస్త నూనె వెయ్యి" అని, అటు తిరిగి మళ్ళీ పడుకుంది.